వివాదాస్పద వక్తను విశ్వవిద్యాలయానికి పిలిచేముందు: నల్లగొండ, పాలమూరు విద్యార్థులకూ అధ్యాపకులకూ ఒక కార్యవిధానం

వివాదాస్పదమైన వక్తను విశ్వవిద్యాలయ సభకు పిలిచినప్పుడు గొడవ ఉపన్యాసం వల్ల కంటే పిలిచిన తీరు వల్లే ఎక్కువగా వస్తుంది. ముందు వాట్సాప్‌లో పోస్టరు తిరుగుతుంది, ఆ తరువాత అనుమతి కోసం దరఖాస్తు వెళ్తుంది, ఎవరో అభ్యంతరం చెబుతారు, సభకు ముందురోజు సాయంత్రం సెమినార్ హాలుకు తాళం పడుతుంది. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, వాటి అనుబంధ కళాశాలల్లోనో సభ పెట్టదలచిన విద్యార్థి సంఘాలకూ, అనుమతిపై నిర్ణయం తీసుకోవలసిన అధ్యాపకులకూ ఈ పని ఏ వరుసలో చేస్తే మేలో ఇక్కడ రాస్తున్నాను.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయిన రోజును కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి హైదరాబాద్ విమోచన దినోత్సవంగా జరుపుతోంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగా జరిపింది, 2024లో ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. సాయుధ పోరాటానికి గుండెకాయ వంటి నల్లగొండలో, ఆ తేదీ తరువాత కూడా 1951 దాకా పోరాటం సాగిన జిల్లాలో, ఈ అంశంపై ఎవరు మాట్లాడినా ఒక వర్గానికి కష్టం కలుగుతుంది. రజాకార్ల అకృత్యాలను చెబితే ఒకరికి, పోలీసు చర్య తరువాత ముస్లింలపై జరిగిన హింసను చెబితే మరొకరికి, ఉద్యమకారులపై సైన్యం చేసిన దాడులను చెబితే ఇంకొకరికి. అంతమాత్రాన చరిత్ర విభాగం ఈ అంశాన్ని వదిలేస్తే దాని గురించి విద్యార్థి తెలుసుకునేది ఎన్నికల ప్రసంగాల్లోనే.

ఆహ్వానం పంపడానికి ముందే ఒక పుట రాసి పెట్టుకోండి. ఈ వక్త నుంచి విద్యార్థులు ఏమి వినాలని కోరుకుంటున్నారు, ఆయన లేదా ఆమె గతంలో ఈ అంశంపై ఏమి రాశారు, ఏమి మాట్లాడారు, అభ్యంతరం వస్తే ఎవరి నుంచి, ఏ కారణంతో రావచ్చు అన్నవి అందులో ఉండాలి. వక్త పాత ఉపన్యాసాలను పూర్తిగా వినండి. ముప్పై సెకన్ల ముక్కలను చూసి పిలవడం ఎంత తప్పో, వాటిని చూసి వద్దనడమూ అంతే తప్పు. కేవలం గొడవ చేయించి పేరు తెచ్చుకోవడానికే పిలుస్తున్నామని మీకే అనిపిస్తే, ఆ ఆలోచన అక్కడే మానుకోండి.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగంలోని 19(1)(ఏ) అధికరణం వాక్ స్వాతంత్ర్యాన్ని ఇస్తే, 19(2) దానికి హద్దులు గీస్తుంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం: ఇవే ఆ హద్దులు. ఎవరి మనోభావాలో దెబ్బతినడం మాత్రమే దానంతటది ఈ జాబితాలో లేదు. అయితే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ మతం, కులం, భాష, ప్రాంతం వంటి ప్రాతిపదికల మీద వర్గాల మధ్య శత్రుత్వం రేపడాన్నీ, 299వ సెక్షన్ ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో ఒక వర్గం మతభావాలను గాయపరచడాన్నీ నేరంగా చూస్తాయి. వీటికి తోడు, బహిరంగంగా నలుగురిలో షెడ్యూల్డ్ కులాల, తెగల వ్యక్తిని కించపరచాలనే ఉద్దేశంతో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. వీటన్నిటిలోనూ ఉద్దేశమే కీలకమని నిర్వాహకులు గుర్తుంచుకోవాలి.

అనుమతి ఇచ్చే అధికారికి అన్నిటికంటే ఉపయోగపడేది 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పు. ఒక విషయాన్ని చర్చించడం, ఒక వాదాన్ని ఎంత ఘాటుగానైనా సమర్థించడం, నేరానికి ప్రేరేపించడం అనే మూడింటినీ సుప్రీంకోర్టు అందులో వేరు చేసి, మొదటి రెండూ ఎంత అప్రియమైనవైనా రక్షణ పొందుతాయని, మూడో దశకు చేరినప్పుడే ఆంక్షకు తావుంటుందని చెప్పింది. తక్షణ చట్టవ్యతిరేక చర్యకు ప్రేరేపించి, అది జరిగే అవకాశం కూడా ఉన్నప్పుడే మాటను శిక్షించవచ్చన్న అమెరికాలోని 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ తీర్పును ఆన్‌లైన్‌లో కొందరు మన సభలకు యథాతథంగా అన్వయిస్తుంటారు. అది మన చట్టం కాదు. మన రాజ్యాంగం అనుమతించే ఆంక్షల పరిధి అక్కడికంటే విశాలమైనది కాబట్టి ఆ భరోసాతో మైకు ముందుకు వెళ్లవద్దని వక్తకు ముందే చెప్పండి.

దరఖాస్తులో వక్త గొప్పతనం గురించి పేరాలు అక్కరలేదు, సభ ఎలా నడుస్తుందో చెబితే చాలు. ఇలా రాయవచ్చు: "సెప్టెంబరు 17 చారిత్రక ప్రాధాన్యంపై చరిత్ర విభాగం ఆధ్వర్యంలో ఉపన్యాసం ఏర్పాటు చేయదలిచాము. వక్త నలభై నిమిషాలు మాట్లాడతారు, తరువాత నలభై నిమిషాలు ప్రశ్నలకు కేటాయిస్తాము. ఐడీ కార్డు ఉన్న విద్యార్థులకూ సిబ్బందికీ మాత్రమే ప్రవేశం. విభాగాధిపతి అధ్యక్షత వహిస్తారు. సభ మొత్తాన్ని రికార్డు చేస్తాము." దీన్ని విభాగాధిపతి ద్వారా రిజిస్ట్రారుకు పంపి, ఇన్‌వార్డు నంబరు వేయించిన నకలు దగ్గర ఉంచుకోండి. అనుమతి చేతికి అందేదాకా పోస్టరు బయటకు రాకూడదు. స్థానిక పోలీస్ స్టేషనుకు కూడా సమాచార లేఖ ఇచ్చి, ఆ సమయానికి జిల్లాలో నిషేధాజ్ఞలు గానీ ఎన్నికల నియమావళి గానీ అమల్లో ఉన్నాయేమో కనుక్కోండి.

ప్రతి వక్తకూ పక్కనే ప్రత్యర్థి వక్తను కూర్చోబెడితేనే అనుమతిస్తామని కొందరు అధికారులు అంటారు. నా దృష్టిలో అది న్యాయంగా కనిపించే ఆటంకం మాత్రమే. ప్రశ్నలకు నిజమైన సమయం ఇవ్వడం, మరో వారం మరో సంఘం మరో వక్తను పిలుచుకుంటామంటే అదే హాలును అవే నిబంధనలతో ఇవ్వడం అంతకంటే మేలు. మాటకు మాటతో జవాబు చెప్పడం పాలమూరుకు కొత్త కాదు. తెలంగాణలో కవులు పూజ్యమని, అంటే లేనేలేరని, ఒకరు రాసినప్పుడు ఇక్కడి సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను వెతికి తెచ్చి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు.

అభ్యంతరాలు వస్తే వాటిని రాతపూర్వకంగా ఇమ్మనండి. ఏ మాట, ఎక్కడ, ఏ చట్టానికి విరుద్ధమో అందులో చెప్పమనండి. "సభ జరిగితే ఊరుకోము" అనేది అభ్యంతరం కాదు, బెదిరింపు. దాన్ని వక్త ఖాతాలో వేయకూడదు. 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ప్రదర్శనలు, హింస జరుగుతాయనే బెదిరింపులకు లొంగి భావప్రకటనను అణచకూడదు, ఆ స్వేచ్ఛను కాపాడటం ప్రభుత్వ బాధ్యత, ప్రమాదం మందుగుండు పీపాలో నిప్పురవ్వ అంత దగ్గరగా ఉంటేనే ఆంక్షకు తావు. కాబట్టి రిజిస్ట్రారు ముందు ఆలోచించవలసింది బందోబస్తు పెంచడం, చిన్న హాలుకు మార్చడం, ప్రవేశాన్ని పరిమితం చేయడం వంటి తక్కువ కఠినమైన మార్గాలను. అవేవీ పనికిరావని తేలి రద్దు చేయవలసి వస్తే, "అనివార్య కారణాల వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఆ కారణమేమిటో రాసి సంతకం చేయాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన విశ్వవిద్యాలయాన్ని రాజ్యాంగపరంగా రాజ్యంలో భాగంగానే చూస్తారు, అందుకని అది ఒక సంఘానికి హాలు ఇచ్చి మరో సంఘానికి కాదంటే సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణం కింద హైకోర్టులో జవాబు చెప్పవలసి రావచ్చు. ప్రైవేటు కళాశాల యాజమాన్యాన్ని అంత సులువుగా ప్రశ్నించలేము. అక్కడ సభ పెట్టాలంటే ప్రిన్సిపాల్‌ను ముందుగా ఒప్పించుకోవడమే దారి.

సభ రోజున అధ్యక్షుడి పని పూలదండతో ముగియదు. మొదలుపెట్టగానే నియమాలు చదవాలి: ప్రశ్న ఒక నిమిషం దాటకూడదు, వ్యక్తుల కులం, మతం ఎత్తి దూషించకూడదు, వక్త హద్దు దాటితే మైకు ఆపే అధికారం అధ్యక్షుడిదే. ప్రశ్నలను చీటీల మీద తీసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది గానీ, ఇబ్బందికరమైన చీటీలు జేబులోకి పోతాయనే అనుమానం కూడా ఉంటుంది కాబట్టి, మైకు వరుసే నయం. నల్ల బ్యాడ్జీలు పెట్టుకోవడం, ప్లకార్డులతో వెనుక నిలబడటం, లేచి బయటకు వెళ్లడం నిరసన తెలిపేవారి హక్కు; వారికి గేటు దగ్గర స్థలం మీరే చూపించండి. ఎదుటివారికి వినిపించకుండా అదేపనిగా నినాదాలు చేస్తే మాత్రం రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి బయటకు పంపండి. ఆ పని విశ్వవిద్యాలయ భద్రతా సిబ్బంది చేయాలి, నిర్వాహక సంఘం కార్యకర్తలు చేయకూడదు.

సభ ముగిశాక పూర్తి రికార్డింగు ఒక ప్రతిని అదే రోజు విభాగానికి అప్పగించి, సంతకం తీసుకోండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే దరఖాస్తు, అనుమతి, పోలీసులకు ఇచ్చిన లేఖ, రికార్డింగు నాలుగూ కలిపి చూపించండి. అరకొర వీడియో తిరగడం మొదలైతే వాగ్వాదానికి దిగకుండా పూర్తి ఉపన్యాసాన్ని విభాగం పేరుతో విడుదల చేయండి.