మన పాలమూరు, నల్లగొండ బొమ్మలతో పిల్లలకు అక్షరాల పుస్తకం ఎలా చేయాలి?

కొనుక్కొచ్చిన అక్షరమాల పుస్తకంలో ఒ అంటే ఒంటె, ఓ అంటే ఓడ. మిర్యాలగూడ పిల్లవాడు ఈ రెండింటినీ ఎక్కడ చూశాడు? వాడి ఊరి పక్కన సాగర్ ఎడమ కాల్వ పారుతుంది. మేనమామ ఊళ్లో బత్తాయి తోట ఉంటుంది. దసరాకు పాలపిట్టను చూపిస్తామని పెద్దవాళ్లు పొలాల్లోకి తీసుకెళ్తారు. ఇవేవీ ఆ పుస్తకంలో ఉండవు. అందుకే మన పుస్తకం మనమే చేసుకోవాలంటాను. పన్నెండేళ్లుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు టీచర్లతో, తల్లులతో కలిసి ఈ పని చేయిస్తున్నాను. ఖర్చు తక్కువ. ఒక నెల సాయంత్రాలు పెడితే అయిపోతుంది.

కానీ చాలామంది దీన్ని ఒకేచోట పాడుచేస్తారు. బొమ్మలు చక్కగా గీస్తారు, రంగులు బాగా వేస్తారు, పదాలు మాత్రం ఆలోచించకుండా పెట్టేస్తారు. పిల్లవాడు బొమ్మ చూసి ఒక మాట అంటాడు, పేజీలో ఇంకో అక్షరం ఉంటుంది. అలాంటి పుస్తకం ఎంత అందంగా ఉన్నా దానితో అక్షరం రాదు. కాబట్టి ఈ వ్యాసంలో సగానికి పైగా పదాల గురించే చెబుతాను.

కావలసినవి

మందపాటి తెల్ల చార్ట్ పేపర్లు, పెన్సిల్, రబ్బరు, నల్ల మార్కర్, వాటర్ కలర్స్ లేదా క్రేయాన్లు. స్కెచ్ పెన్నులు వద్దు, వెనక పేజీకి దిగుతాయి. చార్ట్‌ను ఎ4 సైజుకు కత్తిరించండి. అక్షరానికో పేజీ, పేజీకి ఒకవైపే బొమ్మ. పైన అక్షరం అరచేయంత ఉండాలి, మధ్యలో బొమ్మ, దాని కింద పదం, అడుగున ఒక చిన్న వాక్యం. ఇంతకంటే డిజైన్ అక్కర్లేదు.

మొదటి మెట్టు: జాబితా

పెన్సిల్ పట్టుకునే ముందు ఒక నోట్‌బుక్‌లో మీ చుట్టుపక్కల ఉన్నవన్నీ రాయండి. చెట్లు, పిట్టలు, పంటలు, గుట్టలు, కోటలు, గుళ్లు, వాగులు, పనిముట్లు, తిండి. రెండు వందల మాటలు వచ్చేదాకా ఆపకండి. ఇంట్లో ముసలివాళ్లను అడిగితే ఒక్క సాయంత్రంలో వస్తాయి. తంగేడు, ఇప్పపువ్వు, ఈత, ఆముదం, జమ్మి, డప్పు, గంప, అంబలి, దర్వాజ. ఈ దశలో ఏదీ కొట్టేయొద్దు.

రెండో మెట్టు: ఏ అక్షరానికి ఏ పదం

ఇక్కడ తొందరపడకండి. నేను ఒక్కో పుస్తకానికి ఈ పనికే పది రోజులు తీసుకుంటాను.

ముందు కంటి సంగతి చూద్దాం. క అనగానే అందరికీ కృష్ణ గుర్తొస్తుంది. మన నేల మీద పారే నది కాబట్టి పెట్టాలనే ఉంటుంది. కానీ పిల్లవాడికి ఆ పదంలో కనిపించేది క కాదు, కింద వట్రసుడి తగిలించుకున్న కృ. వాడు ఇంకా తలకట్టు దగ్గరే ఉన్నాడు. ద కు దేవరకొండ, ప కు పోచంపల్లి పెట్టినా ఇదే చిక్కు. ఒకదానికి ఏత్వం, ఇంకోదానికి ఓత్వం. పైన రాసిన అక్షరం వేరు, కింద పదంలో మొదటి అక్షరం వేరు అయిపోతాయి. పిల్లవాడు రెండింటినీ మార్చి మార్చి చూసి మన ముఖం వంక చూస్తాడు. ఆ చూపు నేను చాలాసార్లు చూశాను.

అందుకే నా నియమం: హల్లులకు తలకట్టుతో మొదలయ్యే పదం. అది దొరకకపోతే దీర్ఘం. మిగతా గుణింతాలు ఇంకే దారీ లేనప్పుడే. కష్టం అనుకోకండి, వెతికితే మన దగ్గరే బోలెడున్నాయి. బ కు బత్తాయి, ప కు పత్తి, డ కు డప్పు, మ కు మర్రి, జ కు జమ్మి, ద కు దర్వాజ, ల కు లకుముకి పిట్ట. ష కు పదం లేదని అందరూ తల పట్టుకుంటారు, షాద్‌నగర్ బస్సు బోర్డు రోజూ చూస్తూనే ఉంటారు. ఛ కు నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం మీద పగలంతా స్తంభం నీడ పడుతుంది. ఛాయ అంటే నీడ అని పిల్లవాడికి చెప్పడానికి అంతకంటే మంచి బొమ్మ ఏముంటుంది? ఫ కు ఫ్యాన్ పెట్టేస్తారు. అది ఇంగ్లీషు శబ్దం, మన ఫ కాదు. సూర్యాపేట జిల్లాలో బౌద్ధ స్తూపం ఉన్న ఫణిగిరి ఉండగా ఫ్యాన్ దేనికి? ఫణి అంటే పాము, గిరి అంటే గుట్ట. పాము పడగ బొమ్మ వేసి పక్కన గుట్ట వేయండి. ఖ కు మాత్రం నేను నియమం సడలించి ఖిల్లా పెడతాను. భువనగిరి ఖిల్లా మొత్తం ఒకే పెద్ద బండ మీద ఉంది. ఒకసారి చూసిన పిల్లవాడు ఆ ఆకారాన్ని మరచిపోడు.

మరి కృష్ణమ్మ ఎక్కడికి పోవాలి? కింది వాక్యంలోకి. నేను క కు కట్ట పెడతాను. చెరువు కట్ట ప్రతి ఊళ్లోనూ ఉంది, పిల్లలు దాని మీదే ఆడుకుంటారు. బొమ్మ నాగార్జునసాగర్ కట్టది. వాక్యం: రాళ్ల కట్ట వెనక కృష్ణమ్మ ఆగింది. ఇష్టమైన పేరు పోలేదు, అక్షరమూ చెడలేదు.

ఇక చెవి సంగతి. కంటి సంగతి కంటే ఇది కష్టం, బయటి పుస్తకాలు దీన్ని అసలు పట్టించుకోవు. మన ఇళ్లలో చద్దిని సద్ది అంటాం. చల్లను సల్ల అంటాం. చదువు సదువు అవుతుంది. మరి చ పేజీలో చల్ల ముంత బొమ్మ వేస్తే పిల్లవాడు ఏమంటాడు? సల్ల అంటాడు. స అక్షరం అనుకుంటాడు. వాడిది తప్పు కాదు, వాళ్లమ్మ అన్న మాటే అన్నాడు. వడ్లు కూడా అంతే. వ పేజీలో వడ్ల రాశి బొమ్మ వేశారొకరు, బడిలో పిల్లలంతా ఒడ్లు అని అరిచారు. పక్క పేజీలో ఒ ఉంది. రెండు అక్షరాలూ కలగాపులగం అయిపోయాయి, మళ్లీ విడదీయడానికి ఆ టీచరుకు చాలా రోజులు పట్టింది.

తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు తిప్పిన వడిసెల, అంటే రాళ్లు విసిరే తాటి పనిముట్టు, నాకు ఎంతో ఇష్టమైన బొమ్మ. పుస్తకాల్లో వడిసెల, మన నోట్లో ఒడిసెల. రెండు అక్షరాల మధ్య ఊగే మాట అక్షరాల పేజీకి వద్దని మనసు చంపుకుని తీసేశాను. వ కు వనపర్తి, ఒ కు అమ్మ ఒడి పెట్టాను. చ కు చాలా వెతికి చివరికి చాయ్ పెట్టాను. అది చరిత్ర కాదు కదా అని ఒకరు అడిగారు. కానీ మన దగ్గర ఎవరూ దాన్ని సాయ్ అనరు. మర్రి నీడలో చాయ్ బండి గీస్తే చెట్టూ వచ్చింది, అక్షరమూ నిలబడింది.

అలాగని మన మాటలు వదిలేసి పుస్తకాల మాటలు పెట్టమని చెప్పడం లేదు. వ కు వేరుశనగ పెడతారు చాలామంది. బొమ్మ చూసి మన పిల్లవాడు పల్లికాయ అంటాడు. అయితే దాన్ని ప కు పెట్టండి, తలకట్టుతో ఎంత చక్కగా ఉంది! మొక్కజొన్న కంటే మక్క మేలు. తలుపు కంటే దర్వాజ మేలు. తేడా ఎక్కడంటే, పల్లి, మక్క, దర్వాజ ఎలా అంటామో అలాగే రాస్తాం. సద్ది, ఒడ్లు మాత్రం రేపు బడి పుస్తకంలో వేరే అక్షరంతో కనిపిస్తాయి. ఇంట్లో అన్న మాట తప్పని పిల్లవాడికి ఎవరో చెప్పే పరిస్థితి మన పుస్తకం వల్ల రాకూడదు. సద్ది, సల్ల కావాలంటే వాక్యాల్లో వాడుకోండి, అక్కడ అవి వెలుగుతాయి.

ఊరి పేర్లతోనూ జాగ్రత్త. ఉ కు ఉదయ సముద్రం బాగుంటుంది, పానగల్లు చెరువు అది. కానీ బొమ్మలో నీళ్లు తప్ప ఇంకేం కనిపిస్తుంది? పిల్లవాడు చెరువు అంటాడు. ఊరి పేరు పెట్టాలంటే ఆ పిల్లలు ఆ చోటును చూసి ఉండాలి, లేదా దానికి పోల్చుకోగల ఆకారం ఉండాలి. అ కు అలంపురం పెట్టొచ్చు, నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు వేరే ఎక్కడివీ అనుకోరు. గద్వాల పిల్లలకు గ అంటే గద్వాల, వాళ్ల ఊరి కోట వాళ్లకు తెలుసు. దాన్నే హాలియాలో పెడితే ఎవరూ పోల్చుకోరు, అక్కడ గంప పెట్టండి. ఐ కు ఐజ మాత్రం వద్దు. దాన్ని అయిజ అని కూడా రాస్తారు, రెండూ చూసిన పిల్లవాడు తికమకపడతాడు.

పదం మొదట్లో రాని అక్షరాలు కొన్ని ఉన్నాయి. ణ కు చెంచుల బాణం, ళ కు నీళ్లు. పదంలో ఆ అక్షరం ఉన్నచోట మాత్రం ఎర్ర రంగు వేయండి, మిగతాది నలుపు. ఙ, ఞ లకు బొమ్మ వద్దు. అక్షరం రాసి వదిలేయండి. బలవంతంగా వాఙ్మయం లాంటి మాట తెచ్చి నాలుగేళ్ల పిల్లవాడి నెత్తిన పెట్టకండి.

మూడో మెట్టు: పిల్లల దగ్గర పరీక్ష

చిత్తు కాగితం మీద బొమ్మలు మాత్రం పెన్సిల్‌తో గీసి, అక్షరం రాయకుండా ఐదుగురు పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా చూపించండి. ఇదేంటి అని అడిగి ఊరుకోండి. మీరు మాట అందించకూడదు. ఐదుగురిలో నలుగురు మీరు అనుకున్న మాట అంటే ఆ పేజీ పాస్. లేకపోతే బొమ్మ మార్చండి లేదా పదం మార్చండి. ఊ కు నేను పెట్టిన మర్రి ఊడ బొమ్మ మూడుసార్లు ఫెయిలయింది. పిల్లలంతా చెట్టు అన్నారు. నాలుగోసారి చెట్టును వదిలేసి, ఊడ పట్టుకుని ఊగుతున్న పిల్లను పేజీ నిండా గీశాను, అప్పుడు ఊడ అన్నారు. ఈ పరీక్ష వదిలేసినవాళ్ల పుస్తకాలు ఎన్నో చూశాను. అవన్నీ బడి బీరువాల్లో కొత్తగానే ఉన్నాయి.

నాలుగో మెట్టు: బొమ్మలు

బొమ్మ చేత్తో గీయండి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో ప్రింట్ తీసి అంటించకండి. దేవరకొండ పేరు కింద వరంగల్ తోరణం అంటించిన పేజీ నా కళ్లతో చూశాను. వీలైతే ఆ చోటికి పిల్లలను తీసుకెళ్లండి. పానగల్లు నల్లగొండకు ఆనుకునే ఉంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీడ చూపిస్తే ఆ పేజీ వాళ్లే గీస్తారు.

పిల్లలమర్రి పేరుతో మన దగ్గర రెండున్నాయి, కలిపేయకండి. మహబూబ్‌నగర్ పక్కన ఉన్నది మహా మర్రిచెట్టు, ఏడు వందల ఏళ్లదని చెబుతారు. సూర్యాపేట దగ్గరిది ఊరు, అక్కడ కాకతీయుల కాలం నాటి గుళ్లున్నాయి. ఒకదాని బొమ్మ కింద ఇంకోదాని కథ రాసిన పుస్తకం నా దగ్గరికే దిద్దడానికి వచ్చింది.

పాలపిట్ట, లకుముకి పిట్ట రెండూ నీలమే కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు గీయాలి. పాలపిట్టకు రొమ్ము గోధుమ రంగు, కరెంటు తీగ మీద కూర్చోబెట్టండి. మన దగ్గర ఎక్కువగా కనిపించే లకుముకికి తల గోధుమ రంగు, గొంతు, రొమ్ము తెలుపు, పొడవాటి ఎర్ర ముక్కు. దాన్ని నీళ్ల పక్కన కొమ్మ మీద పెట్టండి.

ఐదో మెట్టు: వాక్యం

ఆరు మాటలు దాటొద్దు. అందులో ఒకే సంగతి ఉండాలి. మ పేజీలో నా వాక్యం: మర్రికి జబ్బు చేస్తే సెలైన్ ఎక్కించారు. ఇది నిజంగా జరిగింది, 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టుకు చెదలు పట్టినప్పుడు మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీశారు. పిల్లలు ఈ పేజీని మళ్లీ మళ్లీ అడుగుతారు. భ కు తలకట్టు పదం దొరకలేదు, భూమి పెట్టాను. వాక్యం: భూమి లేనివాళ్లకు భూమి ఇచ్చారు. బొమ్మ పోచంపల్లిలో భూదాన ఉద్యమం నడిపిన వినోబా భావే ముందు నిలబడిన మనుషులది.

తేదీలు పిల్లల పేజీలో వద్దు. చదివి వినిపించే పెద్దవాళ్ల కోసం చివర ఒక పేజీ పెట్టి అక్కడ రాయండి: సాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న, కాల్వలకు నీళ్లు వదిలింది 1967లో. భూదానం మొదలైంది 1951 ఏప్రిల్ 18న, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన వంద ఎకరాలతో. పిల్లవాడు ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని అడిగితే చెప్పడానికి ఇది చాలు.

ఆరో మెట్టు: కట్టడం

జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించండి. పేజీ పూర్తిగా వెనక్కి మడవొచ్చు, పిల్లవాడి ముందు ఒకే అక్షరం ఉంటుంది. పిన్నులు కొట్టకండి, వేళ్లకు గుచ్చుకుంటాయి. మొదటి కాపీకి లామినేషన్ వద్దు. నెల రోజులు వాడాక ఏదో ఒక పేజీ మార్చాల్సి వస్తుంది, ప్రతిసారీ వచ్చింది. అట్ట లోపలి వైపు గీసిన పిల్లల పేర్లు, ఊరి పేరు, సంవత్సరం రాయండి. ఒరిజినల్ ఇంట్లో దాచుకుని కలర్ జిరాక్స్ బడికి ఇవ్వండి.