జేబులో చాకు ఉందా? బయల్దేరే ముందు తడిమి చూసుకోండి

వేసవి సెలవుల ప్రయాణాలు, వాటి వెనకే వానలు. చిన్న చిన్న మడత చాకులు పోగేసే పిచ్చి ఉన్నవాళ్లకి ఏడాది మొత్తంలో టెన్షన్ ఎక్కువగా ఉండేది ఈ రోజుల్లోనే. ప్రయాణంలో చాకు చెయ్యి జారిపోతుంది, వానల్లో ఇంట్లో ఉన్నది తుప్పు పడుతుంది. నా దగ్గర ఇప్పుడు పాతిక ఉన్నాయి. ఇరవై ఆరోది విమానాశ్రయంలో పోయింది.

అది మా మామగారిచ్చింది. తాళాల గుత్తికి వేలాడే స్విస్ చాకు, మూస్తే 58 మిల్లీమీటర్లు. బ్యాగు స్కానర్లోకి వెళ్లేదాకా అది అక్కడుందనే గుర్తు లేదు. "గోళ్లు తీసుకునేదండీ" అన్నాను. తనిఖీ చేసే అమ్మాయి నవ్వుతూనే డబ్బాలో పడేసింది. తప్పు నాదే. మన విమానాల క్యాబిన్‌లోకి ఎంత చిన్న చాకునీ రానివ్వరు. దేశంలోపల తిరిగే విమానాల్లో సిక్కుల కృపాణానికి మాత్రం మినహాయింపు ఉంది, అదీ బ్లేడు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకుండా. అమెరికాలో 2013 మార్చిలో బ్లేడు 6 సెంటీమీటర్ల లోపుండే చాకుల్ని ఒప్పుకుంటామని ప్రకటించారు. విమాన సిబ్బంది గట్టిగా అడ్డుపడితే జూన్‌కల్లా ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

అందుకని ముందు రోజు రాత్రే తాళాల గుత్తి, లాప్‌టాప్ బ్యాగులో ఎప్పుడూ తెరవని చిన్న అర, చలికాలంలో వాడి వదిలేసిన జర్కిన్ జేబు తడిమి చూడండి. చాకు తీసుకెళ్లాల్సిందే అనుకుంటే చెక్-ఇన్ లగేజీలో వెయ్యండి. ఊరికే పడెయ్యకుండా అట్టముక్కలో పెట్టి గుడ్డ చుట్టండి, పెట్టె తెరిచి చూసేవాళ్ల చెయ్యి తెగకుండా. తిరుమల వెళ్తుంటే అసలు తీసుకెళ్లకండి, అలిపిరిలో సామానంతా స్కానింగ్ చేస్తారు. కోర్టులకి, మెట్రోకి, మాల్‌కి వెళ్లేటప్పుడూ ఇంట్లోనే ఉంచండి.

చట్టం సంగతి చాలామంది సగమే చెబుతారు. "తొమ్మిది అంగుళాల లోపుంటే ఏం కాదు" అనే మాట ఆ సగమే. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల్లో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవుగానో, 2 అంగుళాల కంటే వెడల్పుగానో ఉండి, ఇంటిపనికీ సేద్యానికీ పరిశ్రమకీ సంబంధించని కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. మన వేలెడు చాకులు అందులోకి రావు, నిజమే. కానీ ఢిల్లీలో 1980 నుంచీ వేరే లెక్క ఉంది. బటన్ నొక్కితే తెరుచుకునే చాకు బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, కేసే. ఇక ఎన్నికలప్పుడో, గొడవలప్పుడో పెట్టే 144 సెక్షన్ (2024 జులై నుంచి అది 163) ఉత్తర్వుల్లో కత్తులు, కర్రలు పట్టుకుని తిరగొద్దని మామూలుగానే ఉంటుంది. ఆ రోజుల్లో అంగుళాలు కొలిచి వాదించడానికి మీరు సిద్ధపడినా, వినడానికి ఎవరూ ఉండరు.

మన దేశంలో పోగేసేవాళ్ల కన్ను మొదట పడేది రాంపురీ మీదే. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో చేసే ఈ చాకుకి అక్కడ 2023లో ఒక చౌరస్తాలో పెద్ద బొమ్మే పెట్టారు. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. అయినా పెద్ద సైజు బటన్ రాంపురీని నేను కొనలేదు, కొనమని ఎవరికీ చెప్పను. చిన్నది దొరికితే అది అల్మరాలో ఉండాల్సిందే తప్ప జేబులో కాదు. జేబులో పెట్టుకునేదానికి ఒకటే పరీక్ష: ఇది ఎందుకని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా పండు కోసుకోవడానికనో, పార్సిల్ విప్పడానికనో చెప్పగలగాలి, అది నిజం కూడా అయ్యుండాలి. "సేఫ్టీ కోసం" అన్నారంటే మీ నోటితో మీరే దాన్ని ఆయుధం చేసేసినట్టు.

విదేశాల్లో ఉన్న పిల్లలకి ఇంకో చిక్కు. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా జేబులో ఉంచుకోగలిగేది అంచు 3 అంగుళాలు దాటని, లాక్ పడని (తెరిచాక బ్లేడు బిగుసుకోని) మడత చాకు మాత్రమే. పొడవు చూసి మురిసిపోయి లాక్ సంగతి మర్చిపోతారు. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల నుంచి వచ్చే ఒపినెల్ చూడండి, చెక్క పిడితో అమాయకంగా ఉంటుంది. కానీ 1955 నుంచి దానికి తిప్పితే బిగుసుకునే రింగు ఉంది. సైజుల్లో ఆరో నంబరు నుంచి పైవాటికి ఆ రింగు ఉంటుంది కాబట్టి లండన్‌లో అవి లాక్ కత్తులే. జపాన్‌లో కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడు పట్టుకు తిరగకూడదు. అంతకంటే చిన్నదైనా ఊరికే దగ్గరుంచుకుంటే చిన్న నేరాల చట్టం ఉంది. ఒకప్పుడు బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్న హిగోనొకామి అనే మడత చాకు పుట్టిన దేశం అది! అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు, యూనివర్సిటీ క్యాంపస్ నియమాలు చాలాచోట్ల ఇంకా గట్టిగా ఉంటాయి.

తాతలనాటిది తీసుకెళ్దామనుకునేవాళ్లు ఇంకో మాట వినాలి. పాత ఇళ్లలో ఒక్కోసారి తాటాకు మీద రాసే గంటం, ఆకు కోసే చాకు ఒకే పిడిలోకి మడిచే పనిముట్లు బయటపడతాయి. నూరేళ్లు దాటిందైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దాన్ని దేశం దాటించే హక్కు మనకి లేదు. వయసు మీద అనుమానముంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పిడి ఏనుగు దంతమైతే వన్యప్రాణి చట్టం కూడా వచ్చి కూర్చుంటుంది. దుప్పి కొమ్ము పిడి అన్నా ముందు అడిగే కొనండి.

ఇక వానలు. మన పాత తరహా చాకుల్లో ఎక్కువ కార్బన్ ఉక్కువి. ఆవకాయ రోజుల్లో అలాంటి చాకుతో ఒక మామిడికాయ కోస్తే బ్లేడు నిమిషాల్లో నల్లబడుతుంది. కత్తిపీట సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఆ నలుపు, నీలిబూడిద రంగు మచ్చ మంచిదే, దాన్ని రుద్ది తీసేయకండి. తియ్యాల్సింది ఎర్రటి తుప్పు. కోసిన వెంటనే కడిగి, మడతలో తడి లేకుండా తుడిచి, ఒక్క చుక్క కుట్టు మిషన్ ఆయిల్ వేసి రెండుసార్లు తెరిచి మూయండి. వంటనూనె వద్దు, నెలరోజులకి జిగురై పట్టేస్తుంది. ముఖ్యంగా తోలు ఒరలో పెట్టి దాచకండి. తోలు చెమ్మ పీల్చి బ్లేడుకి అంటిస్తుంది. విశాఖ, కాకినాడ వైపువాళ్లు గాలి చొరని డబ్బాలో, మందుసీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు వేసి ఉంచుకోవడం మేలు.

పాత చాకుల్లో మెరిసే ముత్యం రంగు ప్లాస్టిక్ పిడి ఉంటే అనుమానించండి. గోటితో కాసేపు రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. అది పాతబడేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న చాకుల్ని కూడా తుప్పు పట్టిస్తుంది. పైగా ఇట్టే అంటుకుంటుంది. దాన్ని మిగతావాటితో కలపకుండా, గాలి ఆడేచోట, ఎండ తగలకుండా వేరే పెట్టండి. మే నెలలో కారు డాష్‌బోర్డులో అసలు వద్దు.

వానాకాలంలో చెక్క పిడి ఉబ్బి ఒపినెల్ బ్లేడు బిగుసుకుపోతుంది. గోళ్లతో పీకేవాళ్లకి వేలు తెగుతుంది. సవోయ్ వాళ్లు పిడి చివరని బల్లకేసి టకటకమని కొడతారు, బ్లేడు కాస్త పైకి లేస్తుంది. అప్పటికీ రాకపోతే రెండు రోజులు పొడిచోట ఉంచండి. లాక్ లేని చాకుతో పొడిచే పని, తిప్పి లేపే పని ఏదీ చేయకూడదు, అది వేళ్ల మీదకే మూసుకుంటుంది. హిగోనొకామికైతే బ్లేడు వెనకున్న చిన్న తోక మీంచి బొటనవేలు తియ్యకూడదు. మా అమ్మ కత్తి ఎప్పుడూ చేతికివ్వదు, కింద పెడితే మనం తీసుకోవాలి. చిన్నప్పుడు చాదస్తమనుకున్నాను, ఇప్పుడు మా పిల్లలకీ అదే అలవాటు చేశాను.

తెగితే కాఫీపొడి, పసుపు కుక్కకండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా గట్టిగా నొక్కిపట్టి, చెయ్యి పైకెత్తి ఉంచండి. రక్తం ఆగాక కుళాయి నీళ్ల కింద కడగండి. వేలు వంగకపోయినా, కొస తిమ్మిరెక్కినా నరమో స్నాయువో తెగిందేమో చూపించుకోవాలి, అదే రోజు. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరు తప్పకుండా అడుగుతారు. నేను ఆ తేదీని చాకుల డబ్బా మూత లోపలే రాసిపెట్టుకున్నాను.