ఇంటి వర్క్‌షాపుకు హైడ్రాలిక్ పవర్ ప్యాక్ ఎలా ఎంచుకోవాలి?

మన రాజాం, బొబ్బిలి, ఆముదాలవలస వైపు ఇంటి వెనక రేకుల షెడ్డులో వెల్డింగ్ మెషీను, డ్రిల్లు, చిన్న లేతు పెట్టుకుని ట్రాక్టర్, పవర్ టిల్లర్ రిపేర్లు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చేతి జాకీతో నడిచే ప్రెస్‌ను మోటారు మీదికి మార్చాలని ఏదో ఒక రోజు అనిపిస్తుంది. దానికి కావాల్సింది హైడ్రాలిక్ పవర్ ప్యాక్, అంటే ఆయిల్‌ను ఒత్తిడితో సిలిండర్‌లోకి పంపే మోటారు, పంపు, ట్యాంకు కలిసిన సెట్టు. వెంటనే విశాఖ ఆటోనగర్‌కు వెళ్లి ‘ఎన్ని హెచ్‌పీ ప్యాక్ తీసుకోవాలి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న ఆఖరున రావాలి. మీ యంత్రం ఎంత బలంతో నొక్కాలి, ఎంత వేగంగా కదలాలి అన్న రెండూ తేలితే హెచ్‌పీ దానంతట అదే తేలుతుంది. కాగితం, పెన్ను, ఫోన్‌లోని కాలిక్యులేటర్ ఉంటే ఈ లెక్క ఇంట్లోనే చేసుకోవచ్చు.

1. ఎన్ని టన్నులు కావాలి?

ఒక సులువైన లెక్క గుర్తుపెట్టుకోండి. సిలిండర్ పిస్టన్ వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలో తీసుకుని, బార్‌లలో (బార్ అంటే ఒత్తిడి కొలత) ఉన్న ప్రెషర్‌తో గుణిస్తే వచ్చేది దాదాపుగా కిలోల బలం. 100 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. బేరింగులు, బుష్‌లు ఎక్కించడానికి, ఊడదీయడానికి 10 టన్నుల ప్రెస్ అనుకుంటే, 10,000ను 78.5తో భాగించండి. సుమారు 127 బార్ వస్తుంది. అదే పనికి 80 మిల్లీమీటర్ల బోర్ పెడితే దాదాపు 200 బార్ కావాలి.

నా సలహా పెద్ద బోర్, తక్కువ ప్రెషర్. సిలిండర్‌కు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, ఆయిల్ కూడా ఎక్కువ పడుతుంది. కానీ పంపు, సీళ్లు, హోస్‌లు అన్నీ తక్కువ ఒత్తిడి మీద పనిచేస్తాయి, ఏళ్ల తరబడి నిలుస్తాయి.

ఇక్కడే ఫ్రేమ్ సంగతి కూడా చూడాలి. 10 టన్నులకు కట్టిన ఫ్రేమ్‌కు 100 మిల్లీమీటర్ల సిలిండర్ బిగించి, 210 బార్ ఇచ్చే ప్యాక్ తగిలిస్తే బలం 16 టన్నులు దాటుతుంది. ఫ్రేమ్ వంగుతుంది, వెల్డింగ్ జాయింట్ విడిపోతుంది. ఎదురుగా నిలబడేది మీరే కాబట్టి ప్యాక్ బలం ఫ్రేమ్ బలాన్ని ఎప్పుడూ మించకూడదు.

2. ఎంత వేగం కావాలి?

వేగాన్ని నిర్ణయించేది నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ వస్తుందన్నది. పిస్టన్ వైశాల్యాన్ని నిమిషానికి కదలాల్సిన సెంటీమీటర్లతో గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. అదే 100 మిల్లీమీటర్ల సిలిండర్ సెకనుకు 10 మిల్లీమీటర్లు, అంటే నిమిషానికి 60 సెంటీమీటర్లు కదలాలంటే 4.7 లీటర్లు కావాలి. 5 లీటర్లు అనుకుందాం.

బేరింగ్ ప్రెస్‌కు ఈ వేగం చాలు. నిజానికి ఇందులో సగమున్నా నష్టం లేదు. బేరింగ్ వంకరగా కూర్చుంటుంటే కంటికి కనిపించి, చెయ్యి లివర్ మీదికి వెళ్లేంత సమయం ఉండాలి. సరుగుడు దుంగలు చీల్చే యంత్రం కడుతున్నవాళ్లకు మాత్రం ఇది మరీ నెమ్మది. వాళ్లు రెండు దశల పంపు అడగాలి. దుంగను తాకే వరకు ఎక్కువ ఆయిల్ పంపి వేగంగా కదిలిస్తుంది, బరువు తగలగానే ఆయిల్ తగ్గించి ప్రెషర్ పెంచుతుంది. చిన్న మోటారుతోనే రెండు పనులూ అవుతాయి.

3. ఇప్పుడు హెచ్‌పీ

బార్‌లను నిమిషానికి లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. కొంచెం మార్జిన్ ఉంచుకుని 150 బార్ వేసుకుంటే, 150 × 5 ÷ 600 = 1.25 కిలోవాట్లు. పంపులో కొంత శక్తి పోతుంది కాబట్టి 0.85తో భాగిస్తే 1.47. అంటే 1.5 కిలోవాట్ల మోటారు, మనం అనుకునే 2 హెచ్‌పీ. 1440 ఆర్‌పీఎం మోటారుకు తిరుగుడుకు 3.5 నుంచి 4 సీసీ ఇచ్చే గేర్ పంపు సరిపోతుంది.

పాత సామాను కొట్లో పెద్ద యంత్రాల గేర్ పంపులు చవగ్గా దొరుకుతాయి. మంచి కంపెనీ, బరువైన పంపు అని మురిసిపోయి కొనకండి. 20 సీసీ పంపును 1440 ఆర్‌పీఎంతో తిప్పితే నిమిషానికి దాదాపు 29 లీటర్లు పోస్తుంది. 150 బార్ దగ్గర దానికి 11 హెచ్‌పీకి పైనే కావాలి. మీ 2 హెచ్‌పీ మోటారు ప్రెస్ బరువు తగలగానే ఆగిపోతుంది.

4. మన కరెంటుకు తట్టుకోవాలి

ఎక్కువమంది ప్యాక్‌లు పాడయ్యేది ఇక్కడే. ఎండాకాలం సాయంత్రాల్లో ఊరి చివర ఇళ్లకు వోల్టేజీ పడిపోవడం మనకు తెలిసిందే. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 230 వోల్టులు 190కి పడితే మోటారు దాదాపు మూడో వంతు బలం కోల్పోతుంది. ఆ స్థితిలో ప్రెషర్ మీద స్టార్ట్ చేస్తే మోటారు తిరగకుండా మూలుగుతుంది, వైండింగ్ కాలిపోతుంది.

అందుకే లివర్ వాల్వ్ కొనేటప్పుడు, లివర్ మధ్యలో ఉన్నప్పుడు పంపు ఆయిల్ నేరుగా ట్యాంకుకు వెళ్లిపోయే రకం అడగండి. కొట్లో దీన్ని టాండెమ్ సెంటర్ అంటారు. మోటారు ఖాళీగా స్టార్ట్ అవుతుంది, పని లేనప్పుడు ఆయిల్ వేడెక్కదు. సింగిల్ ఫేజ్ అయితే కెపాసిటర్ స్టార్ట్ మోటారు, ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. లెక్కలో 3 హెచ్‌పీ దాటితే త్రీ ఫేజ్ కనెక్షన్‌కు కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో దరఖాస్తు చేసుకోవడమే మేలు. డబ్బు తీసుకుని రిపేర్లు చేస్తుంటే ఇంటి మీటరు మీద నడపకండి, దానికి కేటగిరీ వేరు.

5. ట్యాంకు, ఆయిల్, ఉప్పు గాలి

ట్యాంకు పంపు ఇచ్చే లీటర్లకు మూడు నుంచి అయిదు రెట్లు ఉండాలి. రేకుల షెడ్డు కింద పనిచేసేవాళ్లు అయిదు రెట్లే తీసుకోండి, అంటే 5 లీటర్ల పంపుకు 25 లీటర్లు. ట్యాంకు పెద్దదైతే ఆయిల్ చల్లబడటానికి సమయం దొరుకుతుంది. ఆయిల్ వేడి 60 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. అప్పుడప్పుడు కాసేపు నడిపితే వీజీ 46 గ్రేడు చాలు (వీజీ అంటే ఆయిల్ చిక్కదనం, అంకె పెరిగితే ఆయిల్ చిక్కన). ఎండల్లో గంటల తరబడి నడిపితే వీజీ 68. బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా పోయకండి, సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

భోగాపురం నుంచి కళింగపట్నం, సోంపేట దాకా తీరం దగ్గర ఉన్నవాళ్లు ట్యాంకుకు గాలి వెళ్లే బ్రీదర్ మూత మీద దృష్టి పెట్టాలి. సిలిండర్ కదిలిన ప్రతిసారీ ట్యాంకు బయటి గాలిని పీలుస్తుంది, దాంతో తేమ లోపలికి వస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీరు కలిసినట్టే. సిలికా జెల్ ఉన్న బ్రీదర్, ట్యాంకు అడుగున డ్రైన్ ప్లగ్ అడిగి పెట్టించుకోండి. తుఫానుకు షెడ్డులోకి నీళ్లొచ్చి ట్యాంకు మునిగితే ఆయిల్ మార్చకుండా మోటారు వేయవద్దు.

6. కొట్లో ఏం చూడాలి?

12 వోల్టుల చిన్న ప్యాక్‌లు చూడముచ్చటగా ఉంటాయి, ధర కూడా తక్కువ. అవి కాసేపు నడిచి ఎక్కువసేపు ఆగే పనికి చేసినవి. వాటితో రోజంతా ప్రెస్ నడపలేరు.

సెకండ్ హ్యాండ్ ప్యాక్ అయితే అక్కడే కరెంటు పెట్టించి అరగంట నడపమనండి. అవుట్‌లెట్ మూసి ప్రెషర్ ఎక్కిస్తే గేజ్ ముల్లు నిలకడగా ఉండాలి. పంపు కీచుమంటుంటే గాలి పీలుస్తోందనో, సక్షన్ ఫిల్టర్ మూసుకుందనో అర్థం. ఆయిల్ మాడు వాసన వస్తే వదిలేయండి. హోస్‌లు మాత్రం కొత్తవే కొనాలి, లోపల రెండు పొరల తీగ అల్లిక ఉన్న రకం.

హోస్ కారుతోందేమోనని చేత్తో తడిమి చూడటం చాలా ప్రమాదం. సూది మొనంత కన్నంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. పొరపాటున చేతిలోకి దిగితే గాయం చిన్నదిగా కనిపించినా, నొప్పి లేకపోయినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే వేళ్లు తీసేయాల్సి వస్తుంది.

7. మొదటిసారి నడిపేటప్పుడు

ఆయిల్‌ను జల్లెడ గుండా పోయండి. రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేసే వాల్వ్) స్క్రూ పూర్తిగా వదులు చేసి, స్విచ్ ఒక్క క్షణం వేసి తీసి, మోటారు పంపు మీది బాణం గుర్తు వైపే తిరుగుతోందో లేదో చూడండి. బరువు లేకుండా సిలిండర్‌ను నాలుగైదుసార్లు పూర్తిగా చాపి ముడిస్తే గాలి బయటికి పోతుంది. ఆ తర్వాత గేజ్ చూస్తూ స్క్రూ కొంచెం కొంచెం బిగించి, పని ప్రెషర్‌కు పది శాతం పైన ఆపండి. మన 10 టన్నుల ప్రెస్‌కు అది 140 బార్, అంటే దాదాపు 11 టన్నులు, ఫ్రేమ్ అంత బలాన్ని తట్టుకునేలా ఉండాలి. లాక్ నట్ బిగించి, ట్యాంకులో ఆయిల్ మట్టం మళ్లీ చూసి, తగ్గినంత పోయండి. కొత్త ట్యాంకులో వెల్డింగ్ రజను తప్పక ఉంటుంది కాబట్టి 50 గంటలు నడిచాక, ట్యాంకుకు తిరిగొచ్చే ఆయిల్‌ను వడకట్టే రిటర్న్ ఫిల్టర్ మార్చేయండి.