అరవై దాటాక మసాయి మారాకు: సాధన ఉప్పలపాడు చెరువు దగ్గర మొదలుపెట్టండి

కెన్యా సఫారీ అనుకోగానే పెద్దవాళ్లు చాలామంది ప్రకాశం బ్యారేజీ మీద నడక మొదలుపెడతారు. నడక మంచిదే. కానీ కెన్యాలోని వన్యప్రాణి అభయారణ్యం మసాయి మారాలో జంతువుల మధ్య జీపు దిగనివ్వరు. అక్కడ భారమంతా నడుము, మెడ, భుజాల మీదే. ఆరేడు గంటలు కుదుపుల్లో కూర్చోవాలి, కూర్చున్నచోటే పక్కకు తిరగాలి, కెమెరాను రెండు సెకన్లలో కంటికి ఆనించాలి. సాధన వీటికే చేయాలి.

అంతకంటే ముందు, టిక్కెట్లు కూడా కొనకముందే తేల్చుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన దేశంలో ఆ సర్టిఫికెట్ చూపాలి. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే నిబంధన ఉంది. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు రావడం అరుదే అయినా, చిన్నవయసువాళ్లతో పోలిస్తే ఎక్కువ. అందుకే స్టెరాయిడ్లు వాడుతున్నా, థైమస్ గ్రంథి జబ్బు ఉన్నా, గుడ్డు పడకపోయినా మీ డాక్టరుకు ముందే చెప్పి, ఆయన సరేనన్నాకే వెళ్లండి. ఈ టీకా ప్రభుత్వ అనుమతి ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. మీ డాక్టరు వద్దంటే ఈ ప్రయాణం మానుకుని, టీకా అక్కర్లేని దేశం చూసుకోవడమే మంచిదని మా సలహా.

ఇక ఎప్పుడు వెళ్లాలి? వైల్డ్‌బీస్టులు (మందలుగా తిరిగే పెద్ద జింకజాతి జంతువులు) మారా నది దాటడం చూడాలంటే జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా. అవి ఏ రోజు దాటతాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి. విదేశీయులకు ప్రవేశ రుసుం జూలై నుంచి డిసెంబరు దాకా రోజుకు 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100. నది దాటడమే చూడాలన్న పట్టుదల లేకపోతే ఫిబ్రవరి మేలు. సింహాలు, చిరుతలు ఏడాది పొడవునా ఉంటాయి, జీపుల రద్దీ తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. అక్కడిదీ నల్లరేగడే. వాన పడితే బండి ఎలా దిగబడుతుందో గుంటూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

గన్నవరం నుంచి ముంబై చేరితే అక్కడి నుంచి నైరోబీకి నేరుగా విమానాలున్నాయి, ఆరు గంటల ప్రయాణం. 2024 జనవరి నుంచి వీసా లేదు, ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోవాలి. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద ఐదారు గంటలు పడుతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో వెళ్లాలి, ముప్పావుగంటలో దిగుతారు. కాకపోతే సామాను చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. గట్టి సూట్‌కేసును ఎక్కించుకోరు.

ఆ 15 కిలోలే కెమెరా ఎంపికనూ తేలుస్తాయి. 150–600 ఎంఎం లెన్సు ఒక్కటే సుమారు రెండు కిలోలు. భుజం నొప్పి ఉంటే క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ వల్ల దృశ్యం మరింత దగ్గరగా కనిపించే) కెమెరా బాడీకి 100–400 ఎంఎం తగిలించండి. కిలోన్నర లోపు బరువుతో 600 ఎంఎం పరిధి వస్తుంది. విశాలమైన దృశ్యాలకు ఫోన్ చాలు. ట్రైపాడ్ వద్దు, జీపులో దాన్ని నిలబెట్టే చోటే ఉండదు.

దాని బదులు లెన్సును ఆనించుకునే సంచి కుట్టించండి. పాత జీన్స్ కాలు అడుగున్నర పొడవున కత్తిరించి, ఒక చివర రెండు కుట్లు, రెండో చివర జిప్పు వేయిస్తే సరి. ఖాళీగా తీసుకెళ్లి నైరోబీలో బియ్యం కొని ముప్పాతిక వంతే నింపండి. నిండా కూరితే సంచి రాయిలా గుండ్రంగా బిగిసి లెన్సు పక్కకు దొర్లుతుంది. వదులుంటేనే లెన్సు అందులోకి దిగి కూర్చుంటుంది. మరమరాలు తేలిక కదా అని నింపొద్దు, బరువుకు నలిగి సగమైపోతాయి.

పెద్దవాళ్లు ఎక్కువగా వదిలేసేది డయాప్టర్ చక్రం, అంటే కెమెరాలో కనిపించేదాన్ని మీ చూపుకు తగ్గట్టు సరిచేసేది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ పక్కన చిన్నగా ఉంటుంది. రోజూ పెట్టుకునే కళ్లద్దాలతోనే చూడండి, ప్రోగ్రెసివ్ అద్దాలైతే పైభాగంలోంచి. బయటి దృశ్యాన్ని కాదు, లోపల కనిపించే అంకెలను చూస్తూ అవి స్పష్టమయ్యేదాకా తిప్పండి. ఇది ఫొటోను మార్చదు. కానీ మసకగా కనిపిస్తుంటే ఫోకస్ కుదరలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు, ఈలోగా చిరుత వెళ్లిపోతుంది. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు తప్పకుండా మళ్లీ సరిచేసుకోవాలి. బ్యాగులో రాపిడికి చక్రం కదలకుండా చిన్న టేపు అంటించండి.

ఇప్పుడు సాధన. గుంటూరుకు కూతవేటు దూరంలో ఉప్పలపాడు చెరువు ఉంది. చలికాలం పొద్దున్నే వెళితే చెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు కిటకిటలాడుతుంటాయి. కుర్చీ వేసుకుని గంటసేపు లేవకండి. కెమెరాను ఒళ్లో పెట్టుకుని, కొంగ రెక్కలు ముడుస్తూ వాలే క్షణంలో పాదాలు కదపకుండా నడుము తిప్పి తీయండి. కెమెరా సెట్టింగులు ఇవి: మాన్యువల్ మోడ్, షట్టర్ 1/1600 సెకను, లెన్సు రంధ్రం (అపర్చర్) పూర్తిగా తెరిచి, వెలుతురును బట్టి దానంతటదే మారే ఆటో ఐఎస్ఓ గరిష్ఠం 6400, ఫోకస్ కంటిన్యువస్ (కదిలే పక్షిని వెంటాడేది). ఇంటికొచ్చి వందలో ఎన్నింటిలో కన్ను స్పష్టంగా ఉందో లెక్కపెట్టండి. నలభై దాటేదాకా వారానికో పూట వెళ్లండి.

మారాలో ఆగగానే ఇంజను ఆపమని డ్రైవరుకు చెప్పండి, ఆ అదురు 400 ఎంఎం దగ్గర ఫొటోలో తెలిసిపోతుంది. పది దాటితే నేల వేడికి గాలి రెపరెపలాడి దూరపు జంతువులు చెదిరిపోతాయి. ఏ లెన్సైనా చేయగలిగేది లేదు, దగ్గరివే తీయండి. జీపులో లెన్సు మార్చొద్దు, దుమ్ము సెన్సర్ మీద పడుతుంది. తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది, స్వెట్టరు, మంకీక్యాప్ తప్పనిసరి.

తరచుగా మూత్రానికి వెళ్లాల్సి వచ్చేవాళ్లు సిగ్గుపడొద్దు. బయల్దేరేముందే డ్రైవరుకు చెబితే సురక్షితమైన చోటు చూసి ఆపుతాడు. బీపీకి నీటిమాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) వాడేవాళ్లు దాన్ని ఏ వేళకు మార్చుకోవాలో డాక్టరును అడగండి. అంతేగాని నీళ్లు తాగడం మానేయొద్దు. ఇన్సులిన్, మందులు చేతిసంచిలోనే ఉండాలి. బ్యాటరీలూ అంతే. ఛార్జరుకు బ్రిటిష్ మూడు పిన్నుల అడాప్టర్ కొనండి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం కాబట్టి బట్టసంచులే సర్దండి, కందిపొడి స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

ఇన్సూరెన్సులో బీపీ, షుగరు దాచొద్దు, దాస్తే క్లెయిము తిరగ్గొడతారు. అడవి నుంచి విమానంలో ఆసుపత్రికి చేర్చే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. మలేరియా మాత్రలు డాక్టరు రాసినన్ని రోజులూ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే మారా వదిలాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, దాంతో ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కాబట్టి నిండుచేతుల చొక్కా వేసుకోండి. తిరిగొచ్చాక, నెలల తర్వాతైనా సరే, జ్వరం వస్తే ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.