మౌంట్ తీయకుండానే ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెటాడేటాను తనిఖీ చేయడం ఎలా

లినక్స్‌లో వాడే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ మెటాడేటా (ఫైళ్ల గురించి, ఖాళీ చోటు గురించి అది రాసుకునే సొంత లెక్కలు) చెడిందని అనుమానం వస్తే, దాన్ని అన్‌మౌంట్ చేసి ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ నడపడం పాత పద్ధతి. నడుస్తున్న సర్వర్‌లో అందుకు తీరిక దొరకదు కనుక, 2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15 నుంచి ఆ తనిఖీని కెర్నల్ చేతే చేయించుకోవడానికి ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐఓసీ_స్క్రబ్_మెటాడేటా అనే ఐఓసీటీఎల్ (ప్రోగ్రాము కెర్నల్‌ను నేరుగా పని అడిగే ఒక రకం కాల్) ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్_స్క్రబ్ అనే కమాండ్ పనిచేసేది కూడా దీని ఆధారంగానే. మామూలు అవసరాలకు ఆ కమాండే చాలు. ఏ భాగాన్ని ఎప్పుడు చూడాలో మీ ప్రోగ్రామే నిర్ణయించాలనుకున్నప్పుడు మాత్రం నేరుగా ఈ కాల్‌ను వాడవచ్చు.

కెర్నల్‌ను ఆన్‌లైన్ స్క్రబ్ ఐచ్ఛికంతో నిర్మించి ఉండాలి, ప్రోగ్రాముకు రూట్ స్థాయి అధికారం ఉండాలి. మౌంట్ పాయింట్‌ను తెరిచి, అప్పుడు వచ్చే ఫైల్ డిస్క్రిప్టర్‌తో ముందుగా ‘ప్రోబ్’ రకం తనిఖీ అడగండి. ఇది దేన్నీ పరీక్షించదు; ఈ సౌకర్యం ఉందో లేదో మాత్రం తేల్చి చెబుతుంది. కెర్నల్‌లో అది లేకపోతే ఈనాట్‌టీ అనే ఎర్రర్ కోడ్ వస్తుంది.

కాల్‌కు ఇచ్చే స్ట్రక్చర్ 64 బైట్లు. అందులో తనిఖీ రకం, ఫ్లాగులు, ఐనోడ్ (ఒక్కో ఫైలు వివరాలు ఉండే పద్దు) సంఖ్య, దాని జనరేషన్ సంఖ్య, అలొకేషన్ గ్రూపు (ఫైల్‌సిస్టమ్‌ను విభజించిన భాగాల్లో ఒకటి) సంఖ్య ఉంటాయి. మిగిలిన 40 బైట్లు రిజర్వు చేసినవి కనుక సున్నాలుగానే ఉండాలి, లేకపోతే ఈఇన్వాల్ వస్తుంది. అందుకే ప్రతి కాల్‌కు ముందు స్ట్రక్చర్ మొత్తాన్ని మెమ్‌సెట్‌తో శుభ్రం చేయడం మంచిది. ఏ ఫీల్డు నింపాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. ఖాళీ బ్లాకుల ట్రీల వంటి గ్రూపుకు చెందిన వాటికి గ్రూపు సంఖ్య ఇచ్చి, ఐనోడ్ ఫీల్డులను సున్నాగా వదలాలి. ఐనోడ్, డైరెక్టరీ వంటి వాటికి ఐనోడ్, జనరేషన్ సంఖ్యలు రెండూ ఇవ్వాలి. రెండూ సున్నా అయితే డిస్క్రిప్టర్ తెరిచిన ఫైలునే చూస్తుంది. ఒక ఫైలు చెరిగిపోయాక అదే ఐనోడ్ సంఖ్య మరో ఫైలుకు రావచ్చు కాబట్టే జనరేషన్ సంఖ్య కూడా అడుగుతారు.

అసలు జాగ్రత్త ఫలితం చదవడంలో కావాలి. నేను మొదట రాసిన ప్రోగ్రాము కాల్ సున్నా తిరిగి ఇస్తే చాలు, అంతా బాగుందని లాగ్‌లో రాసుకునేది. అది తప్పు. సున్నాకు తనిఖీ నడిచిందన్నంత వరకే అర్థం. దొరికిన లోపం ఫ్లాగుల ఫీల్డులో ఉంటుంది. ‘కరప్ట్’ బిట్ ఉంటే ఆ వస్తువే చెడింది. ‘ప్రీన్’ ఉంటే చెడలేదు గానీ ఇంకాస్త మెరుగుపరచవచ్చు. ‘వార్నింగ్’ ఉంటే మనిషి ఒకసారి చూడాలి. ‘ఇన్‌కంప్లీట్’ అంటే తనిఖీ పూర్తికాలేదు. దాన్ని ‘బాగుంది’ ఖాతాలో వేయకూడదు.

మిగిలిన రెంటినీ కలగాపులగం చేసుకోవడం సులభం. ఒక గ్రూపులోని ఖాళీ చోటును ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండు ట్రీలలో రాసుకుంటుంది: ఒకటి బ్లాకు సంఖ్యల వరుసలో, మరొకటి ఖాళీల పొడవు వరుసలో. 1200వ బ్లాకు నుంచి 8 బ్లాకులు ఖాళీ అని మొదటి ట్రీ చెబుతుండగా, రెండోదానిలో అటువంటి పద్దు లేదనుకోండి. అప్పుడు ‘ఎక్స్‌కరప్ట్’ వస్తుంది, అంటే రెండు లెక్కలూ పొసగలేదని. రెండో ట్రీని చదవడమే సాధ్యం కాకపోతే ‘ఎక్స్‌ఫెయిల్’ వస్తుంది, అంటే పోల్చి చూడలేకపోయామని.

కాల్ విఫలమైతే కెర్నల్ స్ట్రక్చర్‌ను తిరిగి రాయదు. కనుక ముందుగా రిటర్న్ విలువను, అది సున్నా అయితేనే ఫ్లాగులను చూడండి. ఈనోఎంట్ వస్తే గాభరా పడనక్కర్లేదు: రీఫ్‌లింక్ (ఒకే బ్లాకులను పలు ఫైళ్లు పంచుకునే సౌకర్యం) లేని ఫైల్‌సిస్టమ్‌లో రెఫరెన్స్ కౌంట్ ట్రీని అడిగినా, ఐనోడ్ ఈలోగా చెరిగిపోయినా అదే వస్తుంది. ఈషట్‌డౌన్ వస్తే మాత్రం ఫైల్‌సిస్టమ్ అప్పటికే ఆగిపోయింది.

మొత్తం చూడాలంటే, ఎఫ్‌ఎస్‌జామెట్రీ ఐఓసీటీఎల్‌తో గ్రూపుల సంఖ్య తెలుసుకుని 0 నుంచి లూపు నడపండి. తర్వాత బల్క్‌స్టాట్ అనే మరో ఐఓసీటీఎల్ ఇచ్చే ఐనోడ్, జనరేషన్ జంటలతో ఒక్కో ఫైలును చూసి, ఫైల్‌సిస్టమ్ మొత్తాల లెక్క తనిఖీని చివరికి ఉంచండి. ఇది మెటాడేటాకే పరిమితం. ఫైలులోని డేటాకు ఎక్స్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్ (చెడిందో లేదో తేల్చడానికి లెక్కగట్టి ఉంచే సంఖ్య) ఉంచదు.

‘రిపేర్’ ఫ్లాగును మొదటి కాల్‌లోనే పెట్టకుండా, లోపం నమోదు చేసుకున్నాక రెండో కాల్‌లో పెట్టండి. మరమ్మతు తర్వాత కెర్నల్ మళ్లీ తనిఖీ చేస్తుంది కాబట్టి అప్పుడు కనిపించే ఫ్లాగులు మరమ్మతు అనంతర స్థితివి. అప్పటికీ ‘కరప్ట్’ నిలిచి ఉంటే అన్‌మౌంట్ చేసి ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ నడపాల్సిందే.