గ్రెనడా వెళ్తున్నారా? అక్కడి బస్సు, పడవ, ఫోన్ల సంగతి ముందే తెలుసుకోండి

మెడిసిన్ చదవడానికి కరీబియన్ దీవుల్లోని చిన్న దేశం గ్రెనడా వెళ్తున్న పిల్లలు, వాళ్లని పంపుతున్న అమ్మానాన్నలు నన్ను అడిగేవి ఎక్కువగా ఫీజు గురించి, తిండి గురించి. బస్సు ఎలా ఎక్కాలి, ఫోన్ ఎలా పనిచేస్తుంది అని దాదాపు ఎవరూ అడగరు. కానీ దిగిన మొదటి వారంలో ఏడిపించేవి ఆ రెండే. నేను అక్కడ రెండేళ్లకు పైగా ఉన్నాను. మొదటి నెలలో నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. గ్రెనడా మొత్తం 344 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర రెండు మండలాలు కలిపినంత. అంత చిన్న దేశంలో చాలా వాటికి ప్రత్యామ్నాయం ఉండదు. పెద్ద విమానాలు దిగే ఎయిర్‌పోర్టు ఒక్కటే, పడమటి తీరం వెంట వెళ్లే మెయిన్ రోడ్డు ఒక్కటే, మొబైల్ కంపెనీలు రెండంటే రెండే. మన దగ్గర ఒక దారి మూసేస్తే పక్క ఊరి మీదుగా తిరిగి వెళ్లిపోతాం, అక్కడ పక్కన ఉండేది సముద్రమో, కొండో. అందుకే ఏ పనికైనా రెండో దారి ముందే చూసి పెట్టుకోవాలి.

విమానంతో మొదలుపెడదాం. మన దేశం నుంచి నేరుగా వెళ్లే విమానం లేదు, మయామి, న్యూయార్క్, టొరంటో, లండన్ లాంటి చోట్ల మారాలి. అమెరికాలో విమానం మారాలన్నా వీసా ఉండాల్సిందే, ఎయిర్‌పోర్టు బయట కాలు పెట్టకపోయినా సరే. నాతో చదివిన ఒకమ్మాయికి టికెట్ కొన్న మూడు వారాలకు గానీ ఈ సంగతి తెలియలేదు, టికెట్ అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు, ఆ డబ్బులో సగం కూడా వెనక్కి రాలేదు. కాబట్టి ముందు ట్రాన్సిట్ వీసా, ఆ తర్వాతే టికెట్. ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి, విడివిడిగా కొంటే ఒకటి ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎవరూ బాధ్యత తీసుకోరు. పక్క దీవులకు వెళ్లే చిన్న విమానాల విషయంలో ఇంకా జాగ్రత్త. దశాబ్దాలపాటు ఆ దీవులన్నిటినీ కలిపిన లియాట్ అనే సంస్థ 2020లో కుప్పకూలింది, 2024లో లియాట్ 2020 అనే కొత్త పేరుతో మళ్లీ మొదలైంది. బార్బడోస్ లాంటి చోట దిగి చిన్న విమానం ఎక్కాల్సి వస్తే మధ్యలో ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి, హోటల్ ఖర్చు అయితే అయింది.

మీరు దిగే మారిస్ బిషప్ ఎయిర్‌పోర్టుకి పెద్ద చరిత్రే ఉంది. 1979లో అధికారంలోకి వచ్చిన ప్రధాని మారిస్ బిషప్ ప్రభుత్వం క్యూబా సాయంతో దాన్ని కట్టడం మొదలుపెట్టింది, 9 వేల అడుగుల ఆ రన్‌వే సైనిక అవసరాల కోసమేనని అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆరోపించారు. 1983 అక్టోబర్‌లో బిషప్‌ను చంపేశారు, కొద్ది రోజులకే అమెరికా సైన్యం దిగింది, దానికి చెప్పిన కారణాల్లో ఒకటి ట్రూ బ్లూ అనే చోట ఉన్న మెడికల్ కాలేజీలో చదువుతున్న అమెరికన్ విద్యార్థుల భద్రత. ఆ ట్రూ బ్లూ క్యాంపస్ రన్‌వే చివర్నే ఉంది. ఎయిర్‌పోర్టు 1984లో తెరిచారు, 2009లో బిషప్ పేరు పెట్టారు. మీ హాస్టల్ కిటికీలోంచి విమానం దిగుతున్నప్పుడు ఇది గుర్తొస్తే ఆ నేల మీద కాస్త గౌరవం కలుగుతుంది, నాకైతే కలిగింది.

బయటికి రాగానే టాక్సీ. మీటర్ ఉండదు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి, మాట్లాడేటప్పుడు ఏ డాలరో అడగాలి. అక్కడి కరెన్సీ తూర్పు కరీబియన్ డాలర్, అందరూ ఈసీ అంటారు. ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈసీ, 1976 నుంచి ఇదే రేటు. డ్రైవర్ 'ట్వంటీ' అన్నాడంటే అది ఈసీనో అమెరికన్ డాలరో తెలియకపోతే మీరు దాదాపు మూడింతలు ఇచ్చేయొచ్చు. 'ఈసీయా, యూఎస్సా?' అని నవ్వుతూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక బస్సు. చాలామంది మన పిల్లలు కాలేజీ బస్సుకి, టాక్సీకి అలవాటు పడి రెండేళ్లూ ఊరి బస్సు ఎక్కకుండానే వచ్చేస్తారు, నాకు అది నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే డబ్బు ఆదా ఒక్కటే కాదు, ఆ దేశం మనుషులు మీకు పరిచయమయ్యేది అక్కడే. అవి ప్రభుత్వ బస్సులు కావు, సొంతదారులు నడిపే వ్యాన్లు, మన షేర్ ఆటోల్లాగా నిండితేనే కదులుతాయి, మధ్య దారిలో మడత సీట్లు కూడా దించి కూర్చోబెడతారు. అద్దం మీద రూట్ నంబర్ ఉంటుంది. 1వ నంబర్ క్యాంపస్ దగ్గర్లోని గ్రాండ్ ఆన్స్ వైపు, అంటే మీకు రోజూ పనికొచ్చేది ఇదే. 5 పడమటి తీరం మీద గూయావ్‌కి, 6 కొండలెక్కి గ్రాండ్ ఎటాంగ్ అడవి మీదుగా గ్రెన్‌విల్‌కి. అన్నీ రాజధాని సెయింట్ జార్జెస్‌లో మెల్విల్ స్ట్రీట్ పక్కనున్న టెర్మినల్ నుంచి బయల్దేరతాయి.

ఎక్కగానే 'గుడ్ మార్నింగ్' అనాలి. డ్రైవర్‌కి కాదు, బస్సు మొత్తానికి. మన ఊళ్లో బస్సెక్కి అందరికీ నమస్కారం పెడితే వింతగా చూస్తారు, అక్కడ పెట్టకపోతేనే వింతగా చూస్తారు. మొదటిరోజు నేను తల దించుకుని వెళ్లి మూలన కూర్చున్నాను, పక్కనున్న పెద్దావిడ నా వైపు తిరిగి మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి 'గుడ్ మార్నింగ్' అంది. నేను తిరిగి చెప్పాక ఆవిడ తన ఒళ్లోని సంచి పక్కకి జరిపి, నా కాళ్లు పట్టేలా చోటిచ్చింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ మర్చిపోలేదు.

దిగాలంటే అరవక్కర్లేదు, పైకప్పు మీదో పక్క రేకు మీదో వేళ్లతో గట్టిగా రెండుసార్లు కొట్టాలి, పాటలు ఎంత హోరుగా మోగుతున్నా ఆ చప్పుడు డ్రైవర్‌కి వినిపిస్తుంది. డబ్బులు కండక్టర్‌కివ్వాలి. చిల్లర ఈసీల్లోనే ఉంచుకోండి. మీ ఇల్లు మెయిన్ రోడ్డుకి లోపలగా ఉంటే 'ఆఫ్ రూట్' అని ముందే అడిగితే కొంచెం ఎక్కువ తీసుకుని ఇంటి దాకా తీసుకెళ్తారు, చేతిలో బియ్యం బస్తా ఉన్నప్పుడు ఇది ఎంత పెద్ద సాయమో చెప్పలేను. చీకటి పడ్డాక బస్సులు బాగా తగ్గిపోతాయి, ఆదివారం అయితే అరుదే. అందుకే రాత్రి పని ఉంటే తెలిసిన టాక్సీ డ్రైవర్ల నంబర్లు ఇద్దరివైనా ఫోన్‌లో పెట్టుకోండి.

రాజధానిలో నడిచేటప్పుడు సెండాల్ టన్నెల్ దగ్గర జాగ్రత్త. 1890ల్లో తవ్విన సొరంగం అది, రేవు వైపునీ మెల్విల్ స్ట్రీట్ వైపునీ కలుపుతుంది, కార్లు ఒకే దిశలో వెళ్తాయి, మనుషులూ అందులోంచే గోడని ఆనుకుని నడుస్తారు. బ్యాగు గోడ వైపు భుజానికి మార్చుకుని, ఎదురొచ్చేవాళ్లకి దారిస్తూ వెళ్లండి. కారు నడపాలనుకుంటే అక్కడా మనలాగే ఎడమవైపు నడపడమే, కానీ మన లైసెన్స్‌తో పాటు అక్కడి పర్మిట్ కూడా కావాలి, కారు అద్దెకిచ్చేవాళ్లే దాని సంగతి చెప్తారు. రోడ్డు పక్క కాలువలు లోతుగా ఉంటాయి, ఎదురు బండికి దారిచ్చేటప్పుడు చూసుకోకపోతే చక్రం అందులో దిగుతుంది.

సెలవుల్లో గ్రెనడాలోనే భాగమైన కారియాకూ దీవికి వెళ్లాలంటే ఆస్ప్రే అనే ఫెర్రీ ఉంది, రేవు నుంచి సుమారు గంటన్నర. మధ్యలో కిక్ ఎమ్ జెన్నీ అనే సముద్రగర్భ అగ్నిపర్వతం ఉంది, 1939లో అది పేలినప్పుడే అక్కడ ఒకటుందని బయటపడింది, ఇప్పటికీ దాని చుట్టూ పడవలు వెళ్లకూడని హద్దు గీసి ఉంచారు. ఆ ప్రాంతంలో అలలు ఎక్కువ, కడుపు తిప్పుతుంది, ఎక్కడానికి అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకుని వెనక సీట్లో కూర్చోండి. ఏ రోజు ఏ టైముకి నడుస్తుందో ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. సోమవారం పరీక్ష ఉంటే మాత్రం ఆదివారం సాయంత్రం ఫెర్రీని నమ్ముకోవద్దు.

ఇప్పుడు ఫోన్. ఒకప్పుడు ఆ దీవుల్లో కేబుల్ అండ్ వైర్‌లెస్ ఒక్కటే ఉండేది. 2000లో గ్రెనడాతో కలిపి ఐదు చిన్న దేశాలు టెలికాం కోసం ఎక్టెల్ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాక పోటీకి తలుపు తెరుచుకుంది, తర్వాత డిజిసెల్ వచ్చింది. పాత కంపెనీ ఇప్పుడు ఫ్లో పేరుతో నడుస్తోంది. సిమ్‌కి పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి, ఏ కంపెనీ సిమ్ అయినా పట్టే, నెట్‌వర్క్ లాక్ లేని ఫోన్ ఉండాలి. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ ఉంటే ఒకటి ఫ్లో, ఒకటి డిజిసెల్ పెట్టుకోమంటాను, ఎందుకంటే కొండ అవతలికి వెళ్తే ఒకదానికి సిగ్నల్ ఉన్నచోట రెండోదానికి ఉండదు. మరి ఇండియా సిమ్? బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి కాబట్టి బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించి, ఒక పాత ఫోన్‌లో వేసి ఉంచండి. ఈ ఒక్కటి మర్చిపోయి ఫీజు కట్టలేక టెన్షన్ పడ్డవాళ్లని ఎంతమందినో చూశాను.

అమ్మానాన్నలు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. గ్రెనడా నంబర్ +1 473తో మొదలవుతుంది. +1 చూసి అమెరికా అనుకుంటారు, కాదు. అమెరికాకి తీసుకున్న ఐఎస్‌డీ ప్యాక్ దీనికి పనిచేస్తుందిలే అనుకోవద్దు, మామూలు కాల్ చేస్తే బిల్లు వాచిపోతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బాబాయి చేసినా అది అంతర్జాతీయ కాలే. పైగా మిస్డ్ కాల్ ఇచ్చి డబ్బు లాగే మోసగాళ్లు ఈ 473 కోడ్‌ని వాడుకున్నారు కాబట్టి అమెరికాలో కొందరు ఆ నంబర్ చూస్తే ఎత్తరు, ముందే మెసేజ్ పెట్టి మీ నంబర్ సేవ్ చేయించండి. రోజువారీ మాటలకి వాట్సాప్ చాలు, అక్కడ దుకాణాలు, టాక్సీలు, ఇంటి ఓనర్లు కూడా దాంట్లోనే ఉంటారు. టైము తేడా తొమ్మిదిన్నర గంటలు, ఏడాది పొడవునా మారదు. అక్కడ రాత్రి తొమ్మిదంటే మన దగ్గర పొద్దున ఆరున్నర.

కరెంటు 230 వోల్టులే, మన ఛార్జర్లు నడుస్తాయి, ప్లగ్ మాత్రం బ్రిటన్‌లోలా మూడు చదరపు పిన్నులది. అమెరికాలో దిగినప్పుడు 110 వోల్టుల రైస్ కుక్కర్ కొనుక్కెళ్లకండి, కాలిపోతుంది.

పార్సిల్ విషయం తొందరగా చెప్తాను. అక్కడ చాలా ఇళ్లకి నంబరు ఉండదు, 'ఫలానా చర్చి దాటాక ఎడమవైపు పచ్చ గేటు' అన్నదే అడ్రస్. ఆన్‌లైన్‌లో కొన్నవి మయామిలో ఒక గోదాముకి తెప్పించుకుని అక్కడి నుంచి ఓడలోనో విమానంలోనో రప్పించుకుంటారు. విదేశాల్లో ఉన్న గ్రెనడా వాళ్లయితే పెద్ద బ్యారెల్ నిండా సరుకులు సర్ది ఇంటికి పంపుతారు. ఏది తెప్పించినా కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేసుకోండి.

చివరగా తుఫాను. జూన్ నుంచి నవంబర్ దాకా సీజన్. 2004లో ఐవాన్ ఆ దేశంలో పదికి తొమ్మిది ఇళ్లని దెబ్బతీసింది. 2024 జూలై 1న బెరిల్ కారియాకూని తాకినప్పుడు అరగంటలో దీవి నేలమట్టమైందని ప్రధాని డికన్ మిచెల్ చెప్పారు, అక్కడి నుంచి ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు, బాగున్నారో లేదో కనుక్కునే మార్గమే లేదు. మేమున్నది దక్షిణాన, దెబ్బ తక్కువే, అయినా మా ఇంటి వైపు కరెంటు పోయింది, దాంతో వైఫై పోయింది, సాయంత్రానికి సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంది. ఖమ్మంలో మా వాళ్లు టీవీలో గ్రెనడా పేరు చూసి పొద్దున్నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నారు. ముందురోజు రాత్రే నేను అమ్మకి రాసి పెట్టాను: రేపు ఫోన్ కలవకపోవచ్చు, ఎవరితో ఉన్నానో ఇది, వాళ్ల నంబర్ ఇది, రెండు రోజుల దాకా కంగారు పడకు. ఆ మెసేజ్ నాన్న చుట్టాలందరికీ చదివి వినిపించాడట.

తుఫాను హెచ్చరిక రాగానే మీరూ అలా రాయండి. పవర్ బ్యాంకులు నింపండి, బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి కొని ఉంచండి, ఎందుకంటే విపత్తు నిర్వహణ సంస్థ నాడ్మా చెప్పేవి రేడియోలో కూడా వస్తాయి, నెట్ పోయినా అది వినొచ్చు. మ్యాపులు ఫోన్‌లోకి దించుకోండి. ముఖ్యమైన నంబర్లు పది ఒక కాయితం మీద పెన్నుతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాస్‌పోర్ట్‌తో పాటు ఉంచండి. నా కాయితంలో మొదటి నంబరు ఇంటి ఓనరుది, రెండోది 1వ నంబర్ బస్సు నడిపే ఆయనది.