విశాఖ నుంచి ఓరియన్ నీహారికను ఫొటో తీయడం ఎలా?

కొత్త నక్షత్రాలు పుట్టే చోటును ఫొటో తీయాలంటే పెద్ద టెలిస్కోపు ఉండాలని చాలామంది అనుకుంటారు. ఓరియన్ (మృగశిర ఉండే నక్షత్రమండలం)లోని నీహారికకు, అంటే ఆ వాయువు, ధూళి మేఘానికి, ఆ అవసరం లేదు. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, ఆకాశంలో అది పున్నమి చంద్రుడికి రెండింతల వెడల్పు పరుచుకుని ఉంటుంది. చీకటి చోట మామూలు కంటికే మసకగా ఆనుతుంది. డీఎస్ఎల్ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ ఒక కెమెరా, గట్టి ట్రైపాడ్, 50 నుంచి 200 ఎంఎం మధ్య ఏదో ఒక లెన్స్, కెమెరాను ముట్టుకోకుండా వరసగా ఫొటోలు తీసే ఇంటర్వెలోమీటర్ ఉంటే చాలు.

మొదట రోజు చూసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరులో వాయుగుండాలు, మబ్బులు పట్టి పీడిస్తాయి. మార్గశిర పౌర్ణమి దరిదాపుల్లో అసలు పెట్టుకోవద్దు, ఆ రాత్రి చంద్రుడు ఓరియన్ తల దగ్గరి మృగశిర పక్కనే వెలుగుతుంటాడు. మార్గశిర, పుష్య మాసాల అమావాస్యలకు అటూ ఇటూ నాలుగైదు రోజులు మేలు. డిసెంబరు మధ్యలో ఈ నీహారిక సాయంత్రం ఆరింటికి ఉదయించి, అర్ధరాత్రికి దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. తర్వాత నెలకు రెండు గంటలు ముందుకు జరుగుతుంది కాబట్టి జనవరి మధ్యలో రాత్రి పదికే ఆ ఎత్తులో ఉంటుంది.

ఇక చోటు. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో వేధశాల పెట్టినప్పుడు ఊళ్లో కరెంటు దీపాలు లేవు. ఇవాళ అక్కడి నుంచి నీహారికను తీయడం కష్టం. కానీ మనకు ఒక పక్కంతా సముద్రం ఉంది, అటు వీధి దీపాలుండవు. భీమిలి దాటి తీరంలో నిలబడితే ఊరి వెలుగు నైరుతిన ఉంటుంది. ఓరియన్ తూర్పున లేచి, ఆగ్నేయం మీదుగా, అంటే సముద్రం మీదుగానే పైకి వస్తుంది. అది నడిమికి చేరేలోపే పని ముగించాలి. పడమటికి వాలితే ఊరి వెలుగులోకి దిగిపోతుంది. నా లెక్కలో ఖరీదైన లెన్స్ కంటే ఈ మూడు నాలుగు గంటలే విలువైనవి. లంబసింగి, అరకు వైపు ఆకాశం ఇంకా నల్లగా ఉంటుంది, కాకపోతే అక్కడ పొద్దుపోయాక మంచు కమ్మేస్తుంది. వెళ్తే చీకటి పడగానే మొదలుపెట్టండి.

నీహారికను పట్టుకోవడం తేలిక. తూర్పున వరసగా, దాదాపు నిలువుగా లేచే మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి కుడివైపు చిన్న చుక్కల వరస ఉంటుంది. అందులో నడిమి చుక్క మసకబారినట్టుంటే అదే.

ఫోకస్ దగ్గర తొందరపడకండి. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మొద్దు. మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) ఓరియన్‌లోని ప్రకాశవంతమైన రైజెల్ నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసి చూడండి. రింగును వెంట్రుకవాసి తిప్పుతుంటే ఉబ్బిన చుక్క ముడుచుకుంటూ సూదిమొనంత అవుతుంది, ఇంకాస్త తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. అటూ ఇటూ తిప్పి చూసి, బాగా చిన్నదైన చోట ఆపి, రింగుకు టేపు అంటించండి. గంటకోసారి మళ్లీ చూడండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయాలి.

ఫైలు రకం రా (RAW, కెమెరా కుదించని ఫైలు), ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 1600 నుంచి 3200, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/2.8 దగ్గర పెట్టండి. భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు షట్టరు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 50 ఎంఎంకి నాలుగు సెకన్లు, 135కి ఒకటిన్నర, 200కి ఒక సెకను దాటొద్దు. అంత తక్కువ వెలుగుతో ఏమొస్తుందని సందేహపడకండి. 1880 సెప్టెంబరు 30న అమెరికా ఖగోళ పరిశీలకుడు హెన్రీ డ్రేపర్ 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీసిన ఈ నీహారిక చిత్రమే నీహారికల ఫొటోల్లో మొట్టమొదటిది. ఆయన ఒకే ప్లేటు మీద పట్టిన నిమిషాలను మనం చిల్లరగా కూడబెడతాం. వంద ఫ్రేములు (విడి ఫొటోలు) సగటు చేసి కలిపితే నాయిజ్, అంటే బొమ్మ మీది గరుకు చుక్కలు, పదో వంతుకు తగ్గుతుంది. మూడు నాలుగు వందలకు తక్కువ కాకుండా తీయండి, పది నిమిషాలకోసారి నీహారికను మళ్లీ మధ్యకు తెచ్చుకోండి.

స్టార్ ట్రాకర్ (ఆకాశంతోపాటు కెమెరాను మెల్లగా తిప్పే పరికరం) ఉంటే ఒక్కో ఫ్రేము 30 నుంచి 60 సెకన్లు తీయొచ్చు. దాని ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. విశాఖలో ధ్రువుడు ఉత్తరాన దాదాపు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, కాబట్టి అటు కొండో భవనమో అడ్డులేని చోటు ముందే చూసుకోండి. ఇలా తీస్తే నీహారిక గుండెలోని ట్రెపీజియం అనే నక్షత్రాల గుంపు, దాని చుట్టుపక్కలు తెల్లగా మాడిపోతాయి. రెండు నుంచి ఐదు సెకన్ల ఫ్రేములు విడిగా తీసి, తర్వాత మధ్యభాగానికి వాటిని కలపాలి.

తీరంలో తేమ లెన్స్ మీద పేరుకుంటుంది. టార్చి ఏటవాలుగా వేసి అరగంటకోసారి గాజును చూడండి. వెచ్చబెట్టే హ్యాండ్ వార్మర్‌ను లెన్స్ చుట్టూ రబ్బరుబ్యాండుతో కట్టొచ్చు. ఇంటికొచ్చాక ఉప్పుగాలి మరకలు తుడవడం మరవొద్దు.

లేచే ముందు మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్, అదే ఐఎస్ఓతో ఇరవై ముప్పై డార్క్ ఫ్రేములు తీయండి, సెన్సర్ సొంత మచ్చలను తీసేయడానికి అవి పనికొస్తాయి. ఫోకస్ కదపకుండా, లెన్స్‌కు తెల్లబట్ట చుట్టి, తెల్లవారు వెలుగులో మరో ఇరవై ఫ్లాట్ ఫ్రేములు కావాలి, లెన్స్ మూలల నీడను, ధూళి మచ్చలను అవి సరిచేస్తాయి.

ఇంటి దగ్గర ఫ్రేములను కలపడానికి డీప్‌స్కైస్టాకర్ గానీ సిరిల్ గానీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, రెండూ ఉచితమే. అన్నీ కలిపాక వచ్చే బొమ్మ దాదాపు నల్లగా ఉంటుంది, కంగారుపడొద్దు. ముందు ఊరి వెలుగు వల్ల వచ్చిన బ్యాక్‌గ్రౌండ్ వాలును (ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వెలుతురు) తీసేసి, రంగులు సరిచేసి, ఆ తర్వాత కొద్దికొద్దిగా స్ట్రెచ్ చేయండి, అంటే మసక భాగాలను వెలుగులోకి తెండి. గులాబీ రంగు హైడ్రోజన్‌ది. మామూలు కెమెరాల్లోని ఫిల్టరు 656 నానోమీటర్ల ఎరుపును చాలావరకు అడ్డుకుంటుంది, అందుకే ఆ రంగు పలచగా వస్తుంది. దాన్ని బలవంతంగా పెంచితే నాయిజే ఎర్రబడుతుంది. దానికి బదులు మరో రాత్రి ఇంకో మూడు వందల ఫ్రేములు తీసి పాతవాటికి కలపండి.